నెత్తిమీద కాలు

మా హాస్టల్ దోస్తు ఒకడు కొండాపూర్‌లో పన్నెండో అంతస్తులో ఉంటాడు. ఆరో తరగతి నుంచి పక్కపక్కన కంచాలు పెట్టుకుని నీళ్ళచారు తిన్నవాళ్ళం. వాడు సాఫ్ట్‌వేర్ అయ్యాడు, నేను సర్కారు బడి పంతులునయ్యాను. రెండిళ్ళల్లోనూ డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి మనుషులం మేమే. 2024 ఆగస్టులో ఒక ఆదివారం వాడింటికి పోయాను. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఎవరింటికి, ఏం పని అన్నీ రాయించుకున్నాకగాని లిఫ్టు దాకా పోనియ్యలేదు. పైకి పోయాక వాడు, "సారూ, కొత్తగొచ్చింది, సూద్దాం కూసో" అని గోడంత టీవీ పెట్టాడు.

అది రాజమౌళి మీద నెట్‌ఫ్లిక్స్ తీసిన డాక్యుమెంటరీ. పేరు 'మోడరన్ మాస్టర్స్'. ఆ నెల 2వ తేదీన వచ్చింది. రాఘవ్ ఖన్నా తీశాడు, అనుపమా చోప్రా కూర్చుని ప్రశ్నలడుగుతుంది. ప్రభాస్, ఎన్టీఆర్, రాంచరణ్, రానా మాట్లాడతారు. కరణ్ జోహార్ మాట్లాడతాడు. హాలీవుడ్ నుంచి జేమ్స్ కామెరాన్, జో రూసో వచ్చి మెచ్చుకుంటారు. తెలుగువాడి ఊహ ప్రపంచమంతా తిరిగొచ్చిందని చెప్పడం ఆ సినిమా పని. ఆ పని అది బాగానే చేసింది.

నేను దాన్ని తిట్టడానికి కూర్చోలేదు. నాకు నచ్చినవి మొదట చెప్తాను. ఆ మనిషి నాటకాలాడడు. మగధీర రోజుల్లో భార్యకు పెద్ద ప్రమాదం జరిగితే తనకు దేవుడు గుర్తుకు రాలేదని, ఏడ్చుకుంటూ డాక్టర్లకు ఫోన్లు చేసుకున్నానని, పనే తన మార్గమైందని చెప్తాడు. తెలుగు సినిమా మనిషి కెమెరా ముందర ఇంత మాట అనడం చిన్న సంగతి కాదు. కొబ్బరికాయ కొట్టకుండా క్లాప్ కొట్టని పరిశ్రమ అది. ఆ మాట విన్నప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కానీ వెంటనే ఒక ప్రశ్న పుట్టింది. దేవుణ్ణి అడగని ఈ మనిషి, తన కథల్లో వంశాన్ని ఎందుకు అంతగా నమ్ముతాడు? దేవుడు లేకున్నా గడుస్తుంది గానీ, రక్తం లేకుంటే కథ నడవదా?

ఆ ప్రశ్న అడుగుతారేమోనని చివరిదాకా ఎదురుచూశాను. రాలేదు.

బాహుబలి మాట వచ్చినప్పుడల్లా నా కండ్లముందర ఒక్క సీనే తిరుగుతుంది. జలపాతం కింద గూడెంలో పెరిగిన శివుడి ముఖం చూడంగానే ముసలి కట్టప్ప మోకాళ్ళ మీద జారుకుంటూ వచ్చి, ఆ పిల్లగాడి పాదం తీసి తన నెత్తిమీద పెట్టుకుంటాడు. అంతకుముందు ఆ పిల్లగాడు ఎవడో ఆయనకు తెలియదు. వాడు చేసిన మంచీ తెలియదు, చెడ్డా తెలియదు. ముఖంలో రాజు పోలిక కనపడింది, అంతే. కాలు నెత్తిమీదికి పోయింది.

2015లో ఆ సినిమాను బాలానగర్ దిక్కు ఒక టాకీసులో చూశాను. ఆ సీనుకు హాలంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. నిజం చెప్పాలి గదా, ఈల కూడా వేశాను.

ఇంటికి వచ్చి మా నాయనకు కథ చెప్తుంటే, ఆ సీను దగ్గర ఆయన ముఖం మాడిపోయింది. "మీ తాత గూడ అట్లనే పడెటోడు" అన్నాడు. మా తాత పటేలింట్ల జీతమున్నాడు. పెండ్లికి తెచ్చిన అప్పుకు తాను, అది తీరకముందే మా పెదనాయన. పటేలు చెప్పులు కుట్టేది మా తాతే, ఆ చెప్పుల కాళ్ళ మీద పడేదీ మా తాతే. తాను కుట్టిన చెప్పులు తాను తొడుక్కుని ఊళ్ళోకి పోయే హక్కు లేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. మా తాత మాత్రం ఆ చట్టం సంగతి తెలియకుండానే పోయాడు. "మరి గా కట్టప్పకు అప్పెంతుండె?" అని అడిగాడు మా నాయన. అప్పేం లేదు నాయనా, వాళ్ళ తాతముత్తాతలు సింహాసనానికి మాటిచ్చిండ్రట అన్నాను. "మాటనా? కాయితం గూడ లేదా?" అన్నాడాయన.

నిశానీ వేసిన మనిషి చేసిన విమర్శ అది. అంత మంచి సినిమా సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఈ దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? కట్టప్ప బానిస ఎందుకయ్యాడు అని మాత్రం అడగలేదు. పరదేశం నుంచి వచ్చిన వర్తకుడు ఒకడు మాత్రం విడిపిస్తానంటాడు, దానికి కట్టప్పే ఒప్పుకోడు. చూసేవాళ్ళకు ఆ బానిసత్వం గొప్ప గుణంగా కనపడుతుంది. మన తాతల వెట్టిని మనకే త్యాగమని చూపించి చప్పట్లు కొట్టించుకునే విద్య అది. 2015 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చలనచిత్రం అవార్డు కూడా దానికే వచ్చింది.

"అరే, అది ఫాంటసీరా. కతను కత లెక్క సూడు" అన్నాడు మా దోస్తు.

కథను కథ లాగానే చూద్దాం. తెలుగోళ్ళ జానపద కథలు నాకేం తక్కువ ఇష్టం కాదు. బడి బీరువాలో అట్టలూడిన చందమామలు చదివే నేను పుస్తకాల పురుగునయ్యాను. 1947లో చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1951లో పాతాళభైరవి తీశారు. అందులో హీరో ఎవరు? తోటరాముడు. కోటలో తోటమాలి కొడుకు. రాజకుమారిని ప్రేమించాడు, మాంత్రికుణ్ణి గెలిచాడు, రాకుమారిని చేసుకున్నాడు. చివర్లో ఎవరో ముసలామె వచ్చి "నువ్వు తోటమాలి కొడుకువు కాదు నాయనా, ఫలానా మహారాజు బిడ్డవు" అని చెప్పదు. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే గెలిచాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడు వచ్చిన కల అది. అందులో మన కులం లేకపోవచ్చు. కానీ దారి ఉంది.

అరవై నాలుగేండ్లకు వచ్చిన బాహుబలిలో హీరోను గూడెపు తల్లి పాలిచ్చి పెంచింది. ఆమె పేరు సంగ. ఆమె పెంపకం వల్ల వాడు కొండ ఎక్కలేదట, రక్తం పిలిస్తే ఎక్కాడట. శివలింగాన్ని భుజానికెత్తుకుంటే అదీ రాజరక్తం బలమే. పాలకు విలువ లేదు, రక్తానికే విలువ. సాంకేతికం ముందుకు పోయింది, కల వెనక్కి నడిచింది. రాజమౌళిది ఏ కులం అన్నది నాకు అక్కర్లేదు. కథది ఏ కులం అన్నదే నేను అడుగుతున్నాను. చిన్నప్పుడు అమర చిత్రకథలు చదివి పెరిగానని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆ బొమ్మల్లో రాజులు ఏ రంగులో ఉంటారో, రాక్షసులు ఏ రంగులో ఉంటారో చదివినవాళ్ళకు తెలుసు.

ఇక రంగు సంగతి. ఇది చెప్పడానికే అసలు ఈ వ్యాసం రాస్తున్నాను. ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు.

నేను పనిచేసిన బడి ఈ ఐటీ దారిలోనే ఉంది. అద్దాల మేడల మధ్య ఇరుక్కున్న రేకుల కప్పు బడి. పిల్లలందరూ మేడలు కట్టే కూలోళ్ళ పిల్లలే. పాలమూరు, నారాయణపేట, శ్రీకాకుళం, ఒడిశా. ఒక మేడ లేస్తే ఒక క్లాసు నిండుతుంది, మేడ పూర్తయితే క్లాసు ఖాళీ అవుతుంది. 2018లో వార్షికోత్సవానికి పిల్లలు బాహుబలి వేస్తామన్నారు. వేషాలు పంచింది నేనే. కిరాణం షాపాయన కొడుకు ఎర్రగా ఉంటాడు, వాణ్ణి బాహుబలి చేశాను. కాలకేయుడికి నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన పిల్లవాణ్ణి నిలబెట్టాను. ఎందుకు? క్లాసులో అందరికంటే నల్లగా ఉండేది వాడే. "వీనికి రంగు ఖర్చు గూడ లేదు సార్" అని ఒకరు నవ్వారు. నేను కూడా నవ్వాను.

వాడు బాగా చేశాడు. నాలుక బయటపెట్టి, కండ్లు తిప్పి అరిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి వాడి పేరు పోయింది. నీళ్ళ కుళాయి దగ్గర కాలకేయ, అన్నం వరుసలో కాలకేయ. పక్షం రోజులకు వాడు బడికి రావడం మానేశాడు. నానక్‌రామ్‌గూడ దగ్గర రేకుల షెడ్డుకు వెతుక్కుంటూ పోయాను. వాళ్ళమ్మ ఇసుక జల్లెడ పడుతోంది. నన్ను చూసి లేచింది గానీ కూర్చోమనలేదు. "సారూ, మీరు గూడ మనోళ్ళే అంటిరి గద" అంది. అంతే, ఇంకో మాట అనలేదు. కూలోళ్ళ నమ్మకం కోసం నేనే ఆమెకు నా కులం చెప్పుకున్నాను అంతకుముందు. ఆ కులాన్ని ఆమె ఆరోజు నాకు తిరిగి అప్పజెప్పింది.

అది ఫాంటసీ కదా అనేవాళ్ళకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. తెరమీద కాలకేయులకు నల్లరంగు పూశారు, అది కడిగితే పోతుంది. మా పిల్లగాడి ఒంటికి పూసింది కడిగితే పోలేదు.

ఆ కాలకేయుల కోసం కిలికి అని ఒక భాష తయారుచేశారు. మదన్ కార్కి అనే తమిళ రచయిత దానికి 750 దాకా మాటలు, 40 దాకా వ్యాకరణ సూత్రాలు పెట్టాడని పత్రికలన్నీ గొప్పగా రాశాయి. లేని జాతికి వ్యాకరణం రాసే ఓపిక ఉంది. నేను పంతులు చదువు చదివేటప్పుడు "అచ్చిండు, పోయిండు" అన్నందుకు క్లాసంతా నవ్వింది, పాఠం చెప్పేటాయన కూడా నవ్వాడు. అది భాష కాదట, యాసనట. ఇంకో సంగతి. అదే సినిమా తమిళ మాటల్లో 'పగడై' అని ఒక మాట దొర్లింది. అది తమ కులాన్ని తిట్టే మాట అని 2015లో తమిళనాడులోని అరుంధతీయులు కోపంతో రోడ్డెక్కారు. మాటలు రాసిన కార్కి క్షమాపణ చెప్పుకున్నాడు. ఎవరీ అరుంధతీయులు? తోలుపని చేసిన కులం, వాళ్ళలో చాలామంది ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. మనవాళ్ళే. ఆ మాట తగిలింది వాళ్ళకు. మనకు కిలికి తగిలితే మనం ఈల వేశాం.

ఆర్ఆర్ఆర్ దగ్గరికి వద్దాం. 2022 మార్చిలో వచ్చింది. కథ రాసింది రాజమౌళి తండ్రి విజయేంద్రప్రసాద్. బాహుబలి కథ కూడా ఆయనదే. ఆ ఏడే జూలైలో ఆయన్ను రాజ్యసభకు నామినేట్ చేశారు. అల్లూరి సీతారామరాజు 1924లో చనిపోయాడు, కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఇద్దరూ ఎన్నడూ కలవలేదు. కలిస్తే ఎట్లుంటుందన్నది రచయిత ఊహ. ఊహించడం తప్పు కాదు. ఎవరిని ఎక్కడ నిలబెట్టి ఊహించావన్నదే అడగాలి. రాముడు చదువుకున్నవాడు, భీము అమాయకుడు. రాముడిని భీము భుజాల మీద మోస్తాడు. సీత చెప్తేగాని రాముడి గొప్పతనం భీముకు తెలియదు. తెలిశాక, అడవోణ్ణి గనుక అర్థం కాలేదని ఏడుస్తాడు. రాముడు కాషాయం కట్టి విల్లు పట్టి దేవుడవుతాడు. భీము దేవుడి పక్కన ఉంటాడు.

చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే భీము చదువు అడుగుతాడు. రాముడు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. పంతులుగా నా కడుపు అక్కడ మండింది. ఆ మూడు మాటలు ఎవరివి? భీమువి. ఆ నినాదం భీముదేనని ఆదిలాబాద్ అడవుల్లో చిన్నపిల్లగాడు కూడా చెప్తాడు. మా మాటే మాకు రాసిచ్చి గురువు అయ్యాడు రాముడు. తపస్సు చేస్తే శంబూకుడి తల తీసిన పేరు అది. ఇప్పుడు అదే పేరుతో అక్షరం దానం చేయించారు.

అక్షరాలు మనకు ఎవరూ జెండా మీద రాసివ్వలేదు. భాగ్యరెడ్డి వర్మ 1910లోనే హైదరాబాదులో మన పిల్లలకు బడి పెట్టాడు. జోడేఘాట్ కాల్పుల తర్వాత నిజాం సర్కారు భయపడి హైమన్‌డార్ఫ్‌ను పంపితే, మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. ఎవడో పెద్దమనిషి దయతలిచి ఇచ్చిన చదువు కాదది, భీము నెత్తురుకు భయపడి ఇచ్చింది. మా అమ్మ నన్ను హాస్టల్‌లో వేయడానికి కాలి వెండి కడియాలు కుదవపెట్టింది. మా చదువుల వెనక ఉన్న కథలు ఇవి. వీటికి ఆస్కారు రాదు, కనీసం ఒక డాక్యుమెంటరీ కూడా రాదు.

మనకు ఊహ లేదా? ఉంది. వీళ్ళ ఊహల కంటే పాతది. మా వాడకు చిందోళ్ళు వచ్చేవాళ్ళు, డక్కలోళ్ళు వచ్చేవాళ్ళు. బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెప్పేవాళ్ళు. భూమి పుట్టకముందు ఆరునెలల నాడే పుట్టిన ఆది జాంబవుడు మా మూలపురుషుడు. దేవుళ్ళు ఆయన ముందర పిల్లకాయలు. ఆయన ఎవరి కాలూ నెత్తిమీద పెట్టుకోడు. దేవుళ్ళనే నిలబెట్టి ప్రశ్నలడుగుతాడు. అది మా ఫాంటసీ. చిందు ఎల్లమ్మ వేషం కడితే రాత్రి రాత్రంతా జనం కదిలేవాళ్ళు కాదట. 2005లో ఆమె పోయింది. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. డక్కలి కిన్నెర మొగిలయ్యకు 2022లో వచ్చింది. ఆర్ఆర్ఆర్ వచ్చిన ఏడే. 2024లో ఆయన హైదరాబాద్ పొలిమేరలో ఒక కట్టడం దగ్గర కూలిపని చేస్తుండగా పత్రికలు ఫొటో వేశాయి. నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ వచ్చింది కూడా ఆ సంవత్సరమే. ఊహకు కూలి ఎవరికి ఎంత ముడుతుందో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇట్లాంటి డాక్యుమెంటరీ లోపం అదే. మెచ్చుకునేవాళ్ళను మాత్రమే పిలిచి కుర్చీ వేస్తే అది ముఖాముఖి కాదు, సన్మాన సభ. ఆ కుర్చీలో ఒకసారి మా నాయనను కూర్చోబెట్టి ఉంటే, "కాయితం గూడ లేదా?" అని అడిగేవాడు. ఆ పిల్లవాడి తల్లిని కూర్చోబెట్టి ఉంటే, "నా కొడుకు రంగు నీకేం చేసె?" అనేది. రాజమౌళి జవాబు చెప్పగలిగినవాడే అనుకుంటున్నాను. అడిగినవాళ్ళే లేరు.

ఇదంతా ఆ ఆదివారం మా దోస్తుతో గట్టిగా అంటుంటే, "మన మాదిగోళ్ళ" అన్న మాట దగ్గర వాడు లేచిపోయి బాల్కనీ తలుపు మూశాడు. ఏందిరా అంటే, "ఈడ ఎవరికీ తెల్వదు" అన్నాడు నెమ్మదిగా. కిందికి చూస్తే మాదాపూర్ అంతా మెరుస్తోంది. మా నాయన 1997లో ఇక్కడికి రాళ్ళు కొట్టే పనికి వచ్చాడు. మరుసటి ఏడు సైబర్ టవర్స్ తెరిచారు. ఆయన కొట్టిన రాళ్ళ మీద లేచిన నగరంలో, ఆయన కొడుకు దోస్తు తలుపు మూసుకుని కులం మాట్లాడాలి. ఇక్కడ కులం లేదని అందరూ చెప్తారు. ఈ సైబరాబాద్ కంటే పెద్ద ఫాంటసీ ఎవరూ తీయలేదు. అందులో మా దోస్తు తోటరాముడు అనుకుంటున్నాడు. తెలిసిన రోజు ఎవరి కాలు ఎక్కడికి వస్తుందోనని వాడి భయం. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. నేను నల్ల పిల్లవాణ్ణి కాలకేయుణ్ణి చేసినవాణ్ణి.

వాడి బిడ్డకు ఏడేండ్లు. లోపలి గదిలోంచి వచ్చి, "అంకుల్, మాదిగ అంటే ఏంటి?" అని అడిగింది. వాడు నా దిక్కు చూశాడు, చెప్పొద్దన్నట్టు. నేను ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, భూమి ఇంకా పుట్టలేదు, నీళ్ళే ఉన్నాయి, అప్పుడు ఒకాయన పుట్టాడు అని మొదలుపెట్టాను. నాకు గుర్తున్నంత చెప్పాను. నడుమ మరచిపోయిన చోట మా దోస్తే అందుకున్నాడు. వాడికి నాకంటే ఎక్కువ గుర్తుంది. వాళ్ళ నాయనమ్మ చెప్పేదట.

ఆ నారాయణపేట పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. మేడ పూర్తయ్యాక వాళ్ళు పోయారు. వాడికి క్షమాపణ చెప్పలేదు. మా బడిలో ఇప్పుడు వార్షికోత్సవానికి వేషాలు నేను పంచడం లేదు. పిల్లలనే కథ రాసుకు రమ్మంటున్నాను. మిత్రులారా, మీలో పంతుళ్ళు ఉంటారు, పంతుళ్ళు కాబోయేవాళ్ళు ఉంటారు. మన పిల్లలకు రాజులు కావాలంటే రాజులను, రాక్షసులు కావాలంటే రాక్షసులను రాసుకోనివ్వండి. ఎవరి కాలూ ఎవరి నెత్తిమీదికి రాకుండా మాత్రం చూడండి.